గూడ్సు బండిలో దొరగారి సీటు

మా ముత్తాతగారిని ఎనిమిది ఊళ్ళవాళ్ళు ఏనుగు దొరగారు అనేవారు. ఆయన మొఖాసాదారు, అంటే ఆ ఊళ్ళ శిస్తు ఆయనకే చెల్లేది, ఇంటి ముందు ఏనుగు ఉండేది. మా తాతగారిని కారు దొరగారు అనేవారు. నూజివీడు చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో మొదటి కారు ఆయనదే (రెండోది కూడా ఆయనదేనని నాన్నగారు అనేవారు గాని, దానికి సాక్ష్యం లేదు). నాన్నగారికి అలాంటి పేరేదీ రాలేదు. ఆయన చేతికి పెత్తనం వచ్చేసరికి జమీందారీలు రద్దయ్యాయి. ఏనుగు అంతకుముందే పోయింది, మొఖాసా అప్పుడు పోయింది. మిగిలినవి చాట్రాయి దారిలో ఒక మామిడితోట, షెడ్డులో తాతగారి కారు, ఎవరి ముందూ వంగని నడుము. ఆ నడుము నాకూ వచ్చింది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

ఆ రోజుల్లో ఆస్తి పోయినంత త్వరగా అలవాట్లు పోయేవి కావు. మా ఇంట్లో పెద్దలు డ్రైవరు పక్కన కూర్చునేవారు కాదు. నలుగురిలో బరువు ఎత్తేవారు కాదు. అధికారులు ఎవరైనా ఉంటే వారే మా దగ్గరికి రావాలి, మేము లేచి వెళ్ళడమనేది లేదు. ఈ మూడు నియమాలతో మామిడి వ్యాపారం చేయడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. కాయ మాది, బండ్లు దాన్ని కొనే నూజివీడు షావుకారువి. ఆయన ఎప్పుడు బండ్లు పంపితే అప్పుడు కోత, ఆయన చెప్పిందే ధర. రసాలు పండి చెట్టు కింద రాలుతున్నా ఆయన బండి వచ్చేదాకా చూస్తూ కూర్చోవలసిందే. అందుకని మా బాబాయి (నాన్నగారి తమ్ముడు, ఇంట్లో ఇనుప సామాను పట్టుకున్న మొదటి మనిషి) ఒక ఆలోచన చెప్పాడు. కారు వెనక భాగం కోయించి, చెక్క పలకలతో తొట్టి కట్టిస్తే, కాయను మనమే హనుమాన్ జంక్షన్ చేర్చి లారీలకు ఎక్కించుకోవచ్చునన్నాడు. నాన్నగారు షెడ్డుదాకా వెళ్ళి కారును చూసి వచ్చారు. చివరకు, "కోయించు. కాని మన నాన్నగారు కూర్చున్న సీటు మాత్రం బండి దిగడానికి వీల్లేదు," అన్నారు.

బాబాయి అన్నగారి మాట జవదాటేవాడు కాదు. జంక్షన్లో కోత, అతుకు పని పూర్తయి బండి ఇంటికి వచ్చేసరికి, ముందు సగం కారు, వెనక సగం పలకల తొట్టి, ఆ తొట్టి నడుమ మెరుగు తగ్గిన ఎర్రతోలు సీటు. దూరం నుంచి చూస్తే ఏనుగు లేని అంబారీలా ఉంది. నాకు అప్పుడే బి.ఏ. పూర్తయింది. బండి బాగుందని మనస్ఫూర్తిగా అన్నాను.

అయితే అలా మార్చిన బండి రోడ్డు మీద తిరగాలంటే బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి, పనికివస్తుందని సర్టిఫికెట్టు ఇవ్వాలి. ఆయన నూజివీడు బంగళాలో క్యాంపు పెట్టిన రోజున బయలుదేరాం. చెట్ల మీద కాయ అప్పటికే ముదిరింది. ఆ రోజు తప్పితే మళ్ళీ క్యాంపు నాటికి సగం తోట నేలపాలవుతుంది, లేదా షావుకారు పాలవుతుంది. బాబాయి స్టీరింగు పట్టుకున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. నాన్నగారు గంజిపెట్టిన పంచె, జరీ ఉత్తరీయంతో తొట్టిలోని సీటు మీద ఆసీనులయ్యారు. బజారులో జనం నిలబడి చూశారు. గౌరవంతోనే అనుకున్నాను.

బంగళా ఆవరణలో లారీలు, జీపులు బారులు తీరి ఉన్నాయి. షావుకారు కూడా తన లారీ పని మీద వచ్చి నీడన నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు గుంటూరు వైపు మనిషి, వయసు తక్కువ, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. మా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది గూడ్సా, ప్యాసింజరా?"

"గూడ్సేనండీ," అన్నాడు బాబాయి.

"మరి పైన ఆయనెవరండీ?"

"మా అన్నయ్యగారండీ."

"అన్నయ్యగారు గూడ్సు కాదు గదండీ. తొట్టిలో సీటుంటే నేను పాస్ చేయలేను. విప్పించేసి మళ్ళీ క్యాంపుకు తీసుకురండి."

నీడలోంచి షావుకారు గొంతు సవరించుకున్నాడు. "ఏం పర్లేదు దొరగారూ. ఎప్పట్లాగే ఈ ఏడు కూడా కాయ మేమే కోయించుకుంటాం లెండి."

ఆ మాటతో నాన్నగారు సీటు మీది నుంచి లేచారు. తొట్టిలోనే నిటారుగా నిలబడి, "ఇది సీటు కాదు. సరుకు," అన్నారు.

ఇన్‌స్పెక్టరుకు నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాడు. "సరుకయితే దించి చూపించండి మరి."

దించాలి. ఎవరు దించాలి? షావుకారు, "మా కూలీలను పంపమంటారా బాబుగారూ?" అని నన్ను అడిగాడు. ఎంతో మర్యాదగా అడిగాడు, అందుకే ఒళ్ళు మండింది. "అక్కర్లేదండీ," అన్నాను. బాబాయి బోల్టులు విప్పాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, నూజివీడు బజారు సగం చూస్తుండగా, మా వంశంలో మొదటిసారిగా నేను బరువు ఎత్తాను. అందులో ఎన్ని స్ప్రింగులున్నాయో తెలియదు గాని, అన్నీ నా కాలి మీదే దిగాయి.

తాతగారి సీటు మట్టిలో ఖాళీగా పడి ఉండటం నాన్నగారు చూడలేకపోయారు. నెమ్మదిగా దిగి వచ్చి, వేపచెట్టు కింద దాని మీద కూర్చున్నారు. బాబాయి ఇన్‌స్పెక్టరును ఎక్కించుకుని బ్రేకులు చూపించడానికి రోడ్డు మీదకు వెళ్ళాడు. ఈలోగా ఒక లారీ డ్రైవరు కాగితాలతో వచ్చాడు. ఆవరణలో ఉన్న ఆసనాలలోకి ఎర్రతోలుదే పెద్దది, కూర్చున్న మనిషి కూడా అందుకు తగ్గట్టే ఉన్నాడు. ఇంకేం అనుకుంటాడు పాపం. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఎనకలైటు నిన్నటిదాకా బాగానే ఎలిగిందండి."

"నిన్నటి సంగతి కాదు. ఇవాళ వెలుగుతోందా?" అన్నారు నాన్నగారు.

"లేదండి."

"వెలిగించుకుని రా."

"అలాగేనండి," అని వెళ్ళిపోయాడు. అతని వెనకే ఇంకొకడు, వాడి వెనక మరొకడు. నేను కల్పించుకుని అసలు విషయం చెబుదామనుకున్నాను గాని, నాన్నగారి ముఖం చూసి ఊరుకున్నాను. జమీందారీ రద్దయ్యాక ఆయన అంత తీరికగా, అంత న్యాయంగా మాట్లాడటం నేను చూడలేదు.

ఇన్‌స్పెక్టరు తిరిగి వచ్చి ఆ వరసను చూశాడు. తర్వాత వరస పక్కగా నడిచి, కాగితం పట్టుకుని నాన్నగారి ముందుకు వచ్చాడు.

"బ్రేకులు బాగున్నాయండీ. తొట్టీ గట్టిగానే ఉంది."

"సంతోషం. కూర్చోండి," అని నాన్నగారు పక్కకు జరిగారు.

"సరుకు మీద కూర్చోవచ్చా అండీ?"

"దించిన తర్వాత ఎవరైనా కూర్చోవచ్చు."

ఆయన కూర్చున్నాడు. చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని సర్టిఫికెట్టు మీద సంతకం చేశాడు. షావుకారు అక్కడినుంచి ఎప్పుడు వెళ్ళాడో నేను చూడలేదు.

లేచేటప్పుడు మాత్రం, "సరుకును ఎక్కించుకోండి, మనుషుల్ని కాదు," అని గుర్తుచేశాడు. దాంతో నాన్నగారు జీవితంలో మొదటిసారి డ్రైవరు పక్కన కూర్చున్నారు. కొంచెం దూరం పోయాక, "ముందు నుంచి చూస్తే దారి బాగానే కనిపిస్తుంది తమ్ముడూ," అన్నారట. తొట్టిలో సీటు ఒక్కటే దర్జాగా వెళ్ళింది. ముందు మూడో మనిషికి చోటు లేదు. జట్కా ఎక్కమని బాబాయి చెప్పినా వినక (జట్కాలో నడుము నిటారుగా నిలవదు), నేను ఇంటిదాకా కుంటుతూ నడిచాను. దారిలో అడిగిన వారందరికీ వ్యాయామం కోసమని చెప్పాను. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు ఇప్పుడు ఎదురైతే, నవ్వకుండా పక్కకు తప్పుకుని దారి ఇస్తాను. అంత గంభీరంగా కుంటడం ఈ వయసులో నాకు చేతకాదు.

ఆ వేసవి, తర్వాతి వేసవి మా కాయ మా బండిలోనే జంక్షన్ చేరింది. ఆ పై ఏడు తోట అమ్మేశాం. బండిని కూడా, సీటుతో సహా, అందులోనే కలిపి ఇచ్చాం.