నూరు బల్బు, ఐదువందల డబ్బా

సుల్తానాబాద్‌లో మా ఇంటికి రంగుల టీవీ వచ్చిన రోజు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మొహం చూడాలి. అంతవరకు ఆదివారం సినిమా కోసం పక్కింటి గడపలో నిలబడ్డ మనిషి, ఆ వారం నుంచి వాడకట్టు ఆడవాళ్లందరికీ తానే చాపలు పరిచింది. ఆ టీవీ కాలిపోతే మళ్లీ కొనే స్తోమత మాకు లేదు.

టీవీకి కాపలాగా బాపు ఒక స్టెబిలైజర్ తెచ్చాడు. దాని ముందువైపు పెద్ద అంకెల్లో ఐదువందలని ఉంది. ఇంట్లోకి వచ్చే వోల్టేజి రెండువందల ముప్పై, ఈ డబ్బా ఐదువందల దాకా తట్టుకుంటుంది, ఇక ఫికరే లేదని బాపు లెక్క. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి, ఐదువందలు అది మోసే వాట్ల బరువే గాని కాచే వోల్టేజి దెబ్బ కాదని, వోల్టేజి రెండువందల డెబ్బై దాటితే అది ఆపలేదని చెప్పాను. అమ్మిన షావుకారు కంటే నాకే ఎక్కువ తెలుసా అని బాపు మీసం దువ్వాడు. ఆయనతో వాదన పెట్టుకుంటే గోడకు తల కొట్టుకున్నట్టే. అవ్వ ఇద్దరి మాటలూ వింది.

ఓ ఆదివారం సాయంత్రం సినిమా మంచి రసపట్టులో ఉండగా వాన అందుకుంది. వానొస్తే చుట్టుపక్కల రైతులంతా పొలాల్లో మోటార్లు ఒక్కసారే బంద్ చేస్తారు. అంతదాకా నీరసంగా ఉన్న కరెంటు ఎగిరి దూకుతుంది. మా నడింట్లో నూరు వాట్ల బల్బు ఒక్కసారిగా తెల్లగా మండింది. అవ్వ లేచి టీవీ ప్లగ్గు పీకేసింది. ఆడవాళ్లు ఉసూరుమన్నారు. బాపు కోపంగా లేచాడో లేదో, బల్బు టప్పున పగిలింది.

చీకట్లో బాపు గొంతు నింపాదిగా వినిపించింది.

"బల్బు నూరుదే గదా. గందుకే పోయింది."

"గట్లయితే గా నూరు బల్బు ఇన్నొద్దులు రెండువందల ముప్పైల ఎట్ల వెలిగింది?" అంది అవ్వ.

ముందు నవ్వింది బాపే. ఆయన వెనకే ఇల్లంతా నవ్వింది. టీవీ దక్కిందన్న సంతోషంతో నాకైతే కళ్ల నీళ్లు వచ్చాయి.

ఆ తర్వాత మబ్బు పడితే చాలు, వాకిట్లో ఆరబోసిన వడ్లు తడుస్తున్నా సరే, బాపు ముందు టీవీ దగ్గరికే ఉరికేవాడు. వడ్ల సంగతేమిటని ఒకసారి అడిగాను.

"వడ్లు మల్ల ఎండుతయి బిడ్డా. మీ అవ్వ టీవీ కాలితే మల్ల రాదు," అన్నాడు.