తాడు బిగిసిన పూట

అప్పట్లో మాకు ఒక పాత వ్యాన్ ఉండేది. లారీ కంటే చిన్నది, మామూలు వ్యాన్ల కంటే బాగా పెద్దది. డ్రైవరు వెనక సీట్లన్నీ పీకేసి, రెండు వైపులా ఇనప కడ్డీలు బిగించి, వాటికి షూటింగ్ బట్టలు వేలాడదీసేవాళ్ళం. వెనక ఇస్త్రీ బల్ల, దాని కింద ట్రంకు పెట్టెలు. దాన్ని కాస్ట్యూమ్ వ్యాన్‌గా సినిమా వాళ్ళకి కిరాయికి తిప్పేవాళ్ళం. నడిపేది మావారు, బట్టల బాధ్యత నాది. ఆయన అలసిపోయినప్పుడు నేనూ నడిపేదాన్ని. కృష్ణా జిల్లా నుంచి పెళ్ళి చేసుకుని రహమత్ నగర్ వచ్చిన నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ వ్యానే.

మాకు పనులు ఇప్పించేది మావారి అన్నయ్య. ఆయన ప్రొడక్షన్ మేనేజరు. వ్యాన్ కొనుక్కోమని సలహా ఇచ్చిందీ, తెలిసిన యూనిట్లన్నిటికీ చెప్పి పెట్టించిందీ ఆయనే కాబట్టి మా ఇంట్లో ఆయన మాటకి ఎదురుండేది కాదు. చెడ్డమనిషి కాదు. నా కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రి వరండాలోంచి కదలకుండా కూర్చున్న మనిషి. కానీ ఒకచోట ఆగి ఎదురుచూడటం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు.

ఆ రోజు ఫిలింనగర్‌లో ఒక బంగళాలో పెళ్ళి సీను. పొద్దున్నే బట్టలన్నీ ఎక్కించుకుని బయలుదేరాం. బంగళాకి వెళ్ళే దారిలో నిటారుగా ఒక ఎత్తు ఉంది, దాని మధ్యలో ఒక మలుపు. ఒక పక్క ఎత్తైన ప్రహరీ గోడ, ఇంకో పక్క బండరాళ్ళు, వాటి కింద లోయలాగా పల్లం. సరిగ్గా ఆ మలుపు దాటీ దాటకముందే ఇంజన్ లోపల ఏదో విరిగిన చప్పుడైంది. వ్యాన్ ఆగిపోయింది. మావారు ఎన్నిసార్లు తాళం తిప్పినా చప్పుడే తప్ప పలకలేదు.

ఆయన దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టారు. హ్యాండ్ బ్రేకు అప్పటికే వదులు, దాన్ని నమ్మేవాళ్ళం కాదు. క్రేన్ వాళ్ళకి ఫోన్ చేస్తే మధ్యాహ్నం తర్వాత గానీ రాలేమన్నారు. బావగారు కబురు అందుకుని తన చిన్న ఎస్‌యూవీలో వచ్చారు. ఆయనకి డ్రైవింగ్ రాదు, ఎప్పుడూ డ్రైవరే. హీరో హీరోయిన్ల పెట్టెలు రెండు ట్రాలీ ఆటోల్లో ఎక్కించి, వాటితోపాటు ఆ డ్రైవర్ని కూడా బంగళాకి పంపేశారు. దాంతో షూటింగ్ గండం గడిచినట్టే అనుకున్నాను.

అప్పుడు పైనుంచి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. మలుపు తిరిగేదాకా దానికి మా వ్యాన్ కనపడలేదు. బ్రేకులు కీచుమన్నాయి. ట్యాంకరు పక్కకి ఊగి, లోపలి నీళ్ళు ఎగిసిపడి రోడ్డంతా తడిసింది. మా వ్యాన్ అద్దాన్ని రాసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ గాలికి లోపల వేలాడుతున్న బట్టలన్నీ ఒకేసారి కదిలాయి. మేం ముగ్గురం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాం.

ఇంకో ట్యాంకరు వస్తే ఇలా తప్పిపోదని ముగ్గురికీ అర్థమైంది. జూబ్లీహిల్స్‌లో పొద్దుటిపూట ట్యాంకర్లకి కొదవ లేదు. ఎత్తు పైన కొంచెం చదును ఉంది, అక్కడిదాకా లాగితే చాలు అన్నారు బావగారు. దేనితో లాగడం? ఎదురుగా ఉన్నది ఆయన కారే. మా వ్యాన్ ముందు అది పిల్లలాగా ఉంది.

మావారు కాసేపు రెండు బండ్లనీ మార్చి మార్చి చూశారు. వ్యాన్‌లో ఆయనే ఉండాలి. ఇంజన్ ఆగితే స్టీరింగు బండలా బిగుసుకుపోతుంది, బ్రేకు రెండు కాళ్ళతో తొక్కితే గానీ పట్టదు. ఆ బండి తీరు తెలిసింది ఆయనకే. కారు నడపడానికి మిగిలింది నేను.

లైట్లు కట్టే లావుపాటి తాడు వ్యాన్‌లో ఉంది. దాన్ని రెండు పేటలు చేసి, ఒక కొస కారు వెనక కొక్కేనికి, ఇంకో కొస వ్యాన్ ఛాసిస్‌కి కట్టారు. బంపర్‌కి కడితే ఊడొస్తుందన్నారు. తాడు తెగితే కొరడాలా లేస్తుంది, దాని మీద బరువైనదేదైనా కప్పమన్నారు. నేను లోపలికెళ్ళి చేతికందింది తెచ్చాను. అది విలన్ వేసుకునే నల్ల ఓవర్‌కోటు. తాడు మధ్యలో వేస్తే, తల లేని మనిషెవరో నేల మీద బోర్లా పడుకున్నట్టుంది. తీసేసి ఇంకోటి తెద్దామనిపించింది. కానీ పైనుంచి ఏదో బండి చప్పుడు వినిపిస్తోంది, ఆలస్యం చేసే వీలు లేదు.

మావారు కారు కిటికీ దగ్గరికొచ్చి, ఒక హారన్ కొడితే పొమ్మని, రెండు కొడితే ఆగమని చెప్పారు. తాడు బిగిసేదాకా గోరంత గోరంత కదలమన్నారు. చివర్లో, “దిగకు. ఏమైనా సరే, నేను చెప్పేదాక కారు దిగకు” అన్నారు.

హారన్ వినపడింది. మొదటి గేరులో మెల్లగా క్లచ్ వదిలాను. అద్దంలో ఆ నల్లకోటు నేల మీదనుంచి లేచింది. తాడు బిగిసి కిర్రుమంది. కారు ఒక్కసారి వెనక్కి కుంగినట్టయి, తర్వాత కదిలింది. వెనక అంత బరువు ఉందని నా వెన్నుకి తెలుస్తోంది. ఇంజన్ మూలుగుతోంది. గోడ పక్కగా నడక కంటే నెమ్మదిగా పోతున్నాం. బావగారు ఒక రాయి పట్టుకుని వ్యాన్ వెనకాలే నడుస్తున్నారు.

ట్యాంకరు నీళ్ళు పడిన చోటు సంగతి నేను మర్చిపోయాను. ముందు చక్రాలు ఆ తడి మీదికి రాగానే గిరగిరా తిరిగాయి. కాలిన వాసన వచ్చింది. కారు ముందుకి పోవడం మాని, ఒక క్షణం ఉన్నచోటే నిలబడి, తర్వాత వెనక్కి జారడం మొదలుపెట్టింది. నేను బ్రేకు తొక్కాను, హ్యాండ్ బ్రేకు లాగాను. చక్రాలు కదలకుండా బిగుసుకున్నాయి. అయినా కారు జారుతూనే ఉంది. వ్యాన్ మమ్మల్ని కిందికి లాక్కుపోతోంది.

అద్దంలో మావారు కనిపించారు. సీటు మీదనుంచి సగం లేచి, రెండు కాళ్ళ మీదా ఒళ్ళంతా మోపి నిలబడి ఉన్నారు. నోరు తెరుచుకుని ఉంది, మాట వినపడటం లేదు. తర్వాత వినపడింది. నాతో కాదు.

“అన్నా, పక్కకు పో. రాయి పారేసి పక్కకు పో.”

వ్యాన్ అడ్డం ఉండి నాకు కనపడలేదు, తర్వాత తెలిసింది, బావగారు సరిగ్గా దాని వెనక ఉన్నారు. వంగి చక్రం కింద రాయి పెట్టబోతున్నారు. ఆ రాయి చక్రం కింద పడీ పడగానే సబ్బుబిళ్ళలా జారి బండల్లోకి ఎగిరిపోయింది. ఆయన గోడవైపుకి దూకారు. చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది, దాని మీదుగా వ్యాన్ చక్రం వెళ్ళింది.

ఆ తర్వాత వ్యాన్ ఆగింది. ఎందుకు ఆగిందో అప్పుడు నాకు తెలియలేదు, ఆగింది అంతే. నా కాలు బ్రేకు మీదనుంచి తియ్యలేదు. చుట్టూ ఎవరూ లేరు. అన్ని పెద్ద పెద్ద ఇళ్ళలో ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు.

బావగారు కుంటుకుంటూ ఇంకో పెద్ద రాయి తెచ్చి, ఈసారి పక్కనుంచే చక్రం కిందికి తోశారు. పక్కనే కడుతున్న ఇంటి ముందు కంకర కుప్ప ఉంది. అక్కడినుంచి ఆయనా మావారూ కంకర మోసుకొచ్చి తడి మీద చల్లారు. మళ్ళీ హారన్, మళ్ళీ తాడు బిగియడం. ఈసారి చక్రాలు పట్టాయి. పైన చదును మీదికి చేరేసరికి నా జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. వాళ్ళు చక్రాలకి రాళ్ళు పెట్టాక, మావారు దిగమంటే దిగి, రోడ్డు పక్కన కూర్చుండిపోయాను.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. బావగారు ముఖం తుడుచుకుని, మిగిలిన దారంతా దిగుడే కదా, బోరబండలో మెకానిక్ షెడ్డు దాకా లాగే పని కూడా లేదు, క్రేన్ కోసం కూర్చోవడం దేనికి అన్నారు. సాయంత్రం సీనులో పెళ్ళి జనంగా వేసేవాళ్ళ బట్టలు ఇంకా కావాలి, దారిలో బంగళా దగ్గర దించుకుందాం అని కూడా అన్నారు.

మావారు వ్యాన్ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. తల ఎత్తలేదు.

నేను కుదరదన్నాను. బావగారికి నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

“ఏం గాదమ్మా. గంత ఎత్తు ఎక్కినం, దిగుడుకేం భయం?”

“ఎక్కేటప్పుడు దాని బరువు మన వెనక వేలాడింది బావగారూ. దిగేటప్పుడు మన మీదికొస్తుంది. తాడు లాగుతుందే గానీ, ఆపదు. ఈ చిన్న కారు దాన్ని ఆపలేదు.”

ఆయన తమ్ముడి వైపు చూశారు. మావారు అలా నేలకేసి చూస్తూనే, “అన్న చెప్తుండు గదా. మెల్లగ పోదాం” అన్నారు.

ఆ మాటకి నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఇందాక అద్దంలో చూసిన మనిషి, ఇప్పుడు ఆ మాట అంటున్న మనిషి ఒకరే అనిపించలేదు. నేను లేచి కారు తాళం బావగారి చేతిలో పెట్టాను. వెళ్ళి వ్యాన్ ఎక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని తలుపేసుకున్నాను.

“కారు నడపడానికి మీ డ్రైవర్ని పిలిపించుకోండి బావగారూ. ఈయన ఈ వ్యాన్‌లో వస్తే నేనూ ఇందులోనే వస్తాను” అన్నాను. అరవలేదు. అరవడానికి ఓపిక కూడా లేదు.

బావగారు ఫోన్ తీశారు. నంబరు నొక్కి, నా వైపు చూసి, మళ్ళీ ఆపేశారు. అప్పుడు మావారు లేచారు. కారు వెనక ముడి విప్పడం మొదలుపెట్టారు. బిగిసిపోయిన ముడి, చాలాసేపు పట్టింది. పళ్ళతో కూడా లాగారు. అన్న వైపు చూడకుండానే, “నువ్వు పో అన్నా. మేం క్రేన్ల వస్తం” అన్నారు. బావగారు డ్రైవర్ని పిలిపించుకుని, ఒక్క చెప్పుతో కారెక్కి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం దాటాక క్రేన్ వచ్చింది. క్రేన్ వాళ్ళు వ్యాన్ ముందు భాగం గాల్లోకి లేపి, ఇనప గొలుసులు బిగించి, మెల్లగా దించుకుపోయారు. క్రేన్ క్యాబిన్‌లో నేను వెనక్కి తిరిగి చూస్తూనే కూర్చున్నాను.

షెడ్డులో మెకానిక్ ఇంజన్ సంగతి చూడకముందే వెనక చక్రం దగ్గర ఆగిపోయాడు. టైరు లోపలి వైపంతా నూనె కారినట్టు తడి. బ్రేకు పైపు పగిలి ఉంది. మావారిని ఎక్కి ఒకసారి తొక్కి చూడమన్నాడు. ఆయన మామూలుగా కాలు ఆనించగానే పెడలు నేలకి తగిలింది. ఎక్కడా ఆగలేదు. ఎత్తు మీద ఆయన రెండు కాళ్ళతో నిలబడి తొక్కిన తొక్కే ఆ బ్రేకుకి ఆఖరిది. ఆ తర్వాత కంకర మీదుగా వచ్చిందంతా బ్రేకు లేకుండానే.

మావారు దిగి పాత టైరు మీద కూర్చున్నారు. మెకానిక్ అటు వెళ్ళాక నెమ్మదిగా చెప్పారు, “గాడనే తెలిసింది నాకు. తొక్కంగ తొక్కంగ కాలు కిందికి దిగినట్టయింది.”

“తెలిసి మెల్లగా పోదామన్నారా?”

“అన్న ముందట కాదనబుద్ధి కాలే.”

ఆయన అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. అన్నం వడ్డిస్తుంటే, పక్కన పడుకున్నాక, ఎప్పుడైనా సరే, నా పక్కనున్న మనిషి దేనికైనా సరే తలూపగలడు అనే ఆలోచన వచ్చి కూర్చునేది. ఆయనకీ అది తెలుసు.

ఆ సినిమాకి బావగారు వేరే వ్యాన్ పెట్టుకున్నారు. ఆ తర్వాత సినిమాకీ మమ్మల్ని పిలవలేదు. అప్పుడు ఒక ఆదివారం మావారు ఒక్కరే వాళ్ళింటికి వెళ్ళి పైపు సంగతి చెప్పి వచ్చారు. ఏమన్నారని అడిగితే, “ఏం గాలేదు గదా అన్నడు” అన్నారు. చొక్కా మార్చుకుంటూ ఇంకో మాట కూడా చెప్పారు. ఇకనుంచి పనులు తనే వెతుక్కుంటానని అన్నకి చెప్పి వచ్చారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన నా ముఖంలోకే చూస్తున్నారు. నేను లేచి ఆయనకి మంచినీళ్ళు ఇచ్చాను.