మా బావకూ అదే రోగం

ఎవరికి ఏ రోగమొచ్చినా అది మా రాజక్క పెనిమిటి దశరథం బావకు ముందే వచ్చి ఉండేది, అదీ రెండింతలు. మంచిర్యాల బజారులో ఎవరైనా తుమ్మితే ఆగి మరీ చెప్పేవాడు: "నీదేం తుమ్ము? నాకు నిరుడొచ్చింది జూడాలె." పక్కింటి శంకరవ్వ పురిటినొప్పులు పడుతుంటే గుమ్మం బయట నిలబడి, "నాకు గూడ గట్లనే గుంజింది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. లోపలి నుంచి మంత్రసాని చెంబు విసిరింది.

ఆయన పోయి మూడు నెలలు. ఇప్పుడు నాకు ఒంట్లో బాగాలేకపోతే పోటీకి మనిషే లేడు.

పందొమ్మిది వందల యాభైతొమ్మిదిలో గనిలో బొగ్గు డబ్బా మీంచి దూకితే నా మోకాలి దగ్గర ఫట్‌మంది. పడుకుని కాలు చాపి లేపబోతే మడమ మంచం వదల్లేదు. కట్లు కట్టే అంకయ్య తడిమి, "మోకాలి చిప్ప పైకెక్కింది, దించుత" అన్నాడు. వారం రోజులు నూనె రాసి దించాడు. ఆయన చెయ్యి తీయగానే అది మళ్లీ ఎక్కేది.

దవాఖానలో డాక్టరు బొమ్మ గీసి చూపాడు. చిప్పను కింది ఎముకకు పట్టి ఉంచే పట్టీలాంటి నరం పూర్తిగా తెగింది. మర్దనాతో అతకదు. కుట్టి, ఆరు వారాలు సిమెంటు కట్టు వేసి, ఆ తర్వాత మెల్లమెల్లగా వంచాలి. మోకాలు వంగకపోతే గనిలో నౌకరి ఉండదు. అయినా కత్తి మాట వినగానే నేను ఇంటికి పోతానన్నాను.

నాతో దవాఖానకు వచ్చిన బావ ధోతి పైకెత్తాడు. మోకాలి కింద బెత్తెడు మచ్చ.

"గదే నరం. పెండ్లికి ముందు. నీది ఒక్క దిక్కు తెగింది, నాది రెండు దిక్కుల."

"నొచ్చిందా బావా?"

"నాకు నొచ్చింది. నీకు గంత నొవ్వది. నీది చిన్నది."

కుట్టించుకున్నాను. కట్టు విప్పాక బావ రోజూ పొద్దున నా పక్కన పడుకుని తన కాలూ లేపేవాడు. నేను అయిదుసార్లు లేపితే ఆయన ఆరు. మూలుగు కూడా నాకన్నా పెద్దది. చూడవచ్చినవాళ్లు అరటిపండ్లు ఆయనకిచ్చి పోయేవారు.

ఏడు నెలలకు గని డాక్టరు ఫిట్ అని రాశాడు. మిఠాయి పట్టుకుని అక్క ఇంటికి నడిచే వెళ్లాను. బావ ఇంకా రాలేదు.

"బావ ఆపరేషన్ మచ్చ జూసే ధైర్యం జేసిన అక్కా."

రాజక్క వంకాయ కోస్తూ ఆగింది. "ఏం ఆపరేషన్‌రా? గది గడ్డి కోస్తుంటె తాకిన కొడవలి గాటు. సూది జూస్తెనే మంచం కిందికి జొర్రే మనిషాయె."

అంతలో బావ వచ్చాడు. ఆయన చేతిలో మిఠాయి పెట్టాను.

"మబ్బు పడితె మోకాలు జర గుంజుతది బావా."

"నీదీ ఒక గుంజుడేనా? నాదైతే రెండు దినాల ముందే మొదలువెడ్తది."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీదే ఎక్కువ బావా" అన్నాను. అక్క పెండ్లయిన పన్నెండేళ్లలో ఒప్పుకోవడం అదే మొదలు.

ఆయన పరేషానయి, "జరమొచ్చిందా ఏందిరా?" అంటూ నా నుదురు ముట్టుకుని చూశాడు. తర్వాత తనదీ చూసుకున్నాడు.