మావాళ్లు చూసొచ్చిన లియోన్

మా ఇంట్లో నలుగురం. ముగ్గురివి న్యూజిలాండ్ పాస్‌పోర్టులు, నాది మాత్రం ఇండియన్ పాస్‌పోర్టు. నాకు అర్హత లేక కాదు, దేశభక్తి పొంగిపొర్లీ కాదు. విదేశీ పౌరసత్వం పుచ్చుకున్నవాళ్లు ఇండియాలో వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. మావారికేమో ఒంగోలు దగ్గర వాళ్ల ఊళ్లో పొలం కొనాలని కోరిక. అందుకని ఇంట్లో ఒకరు ఇండియన్‌గా ఉండిపోవాలి. ఆక్లండ్‌లో నాకు తెలిసిన మనవాళ్ల ఇళ్లలో ఈ ఏర్పాటు చాలాచోట్ల ఉంది, ఆ ఉండిపోయేది దాదాపు ప్రతిచోటా ఆడమనిషే. "కొనేది నీ పేరు మీదే కదా, నీకే లాభం" అన్నారు మావారు, నాకేదో నగ చేయించినంత సంబరంగా. ఆ పొలం గట్టు మీద నేను ఒక్కసారి నిలబడ్డాను, అదీ ఫోటో కోసం.

నాకు కావలసింది పొలం కాదు, లియోన్.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉండేది. చిల్లులు పొడిచిన అట్టలను వరసగా కుట్టి దానికి వేలాడదీస్తే, ఆ చిల్లుల ప్రకారం పోగులు లేచి అంచు మీద నెమళ్లు దిగేవి. ఆ పెట్టె పట్టాలనే మా ఇంటి కప్పు వీధిలో అందరికంటే ఎత్తుగా లేపించాడు. నేను మగ్గం పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే, "ఈ పెట్టె లేకుంటే చీరకు నెమలి యాడ్నుంచి వస్తాదిమ్మా" అనేవాడు. అది మా ఊరి వస్తువే అనుకుంటూ పెరిగాను.

చాలా ఏళ్ల తర్వాత, ఆక్లండ్ శివార్లలోని టకానినిలో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాక, మావాడి స్కూలు ప్రాజెక్టు కోసం లైబ్రరీ నుంచి కంప్యూటర్ల చరిత్ర పుస్తకం ఒకటి తెచ్చాను. మొదటి పేజీల్లోనే మా ఇంటి అట్టలు కనిపించాయి. ఫ్రాన్సులో రెండు నదుల మధ్యనున్న లియోన్ అనే పాత ఊళ్లో పుట్టిందట ఆ పెట్టె. అక్కడ ఒక కొండ నిండా నేతగాళ్ల ఇళ్లేనట, మగ్గాలు పట్టడానికి వాటి కప్పులూ ఎత్తుగా కట్టారట. నేను పగలంతా చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి మూలం ఆ చిల్లుల అట్టల్లో ఉందని కూడా రాశారు. నాయనకు చెబుదామంటే ఆయన అప్పటికే లేడు. ఆ ఊరు వెళ్లి ఆ కొండెక్కి, అక్కడి మగ్గం ముందు కాసేపు నిలబడాలన్న కోరిక మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు.

జూలై సెలవుల్లో యూరప్ వెళ్దామన్న మాట మావారే ఎత్తారు. లోవర్ హట్ అనే ఊళ్లో ఉండే ఆయన స్నేహితుడి కుటుంబమూ మాతో కలిసింది. అందరికీ పారిస్ కావాలి, పిల్లలకు డిస్నీ కావాలి. వాటి మధ్య లియోన్‌ను ఇరికించడానికి నేను పడిన తంటాలు చెప్పుకుంటే నవ్వుతారు. చివరికి రెండు రోజులు సంపాదించాను. ఏ నది ఒడ్డున బస, ఏ మెట్లెక్కితే ఆ కొండ వస్తుంది, మగ్గం నేసి చూపించే పాత కార్ఖానా ఏ వేళప్పుడు తెరుస్తారు, అన్నీ నేనే కనుక్కుని పెట్టాను. పాత బస్తీలో మామూలు వీధి తలుపు తోసుకుని ఇళ్ల మధ్యలోంచి ఇంకో వీధిలోకి తేలే దారులున్నాయని చదివి, అవి కూడా మ్యాపులో చూసి పెట్టుకున్నాను. ఆ నెలల్లో నేను వంట చేస్తూ కూడా ఆ ఊళ్లోనే తిరిగాను.

మావాళ్ల పాస్‌పోర్టులకు వీసా అక్కర్లేదు. నాకు కావాలి. ఇక దరఖాస్తు పెట్టుకుందాం అనుకుంటుండగా మావారి అన్నయ్య ఫోన్ చేశారు. పొలం అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్‌కి సిద్ధమయ్యారు, సంతకానికి నన్ను తీసుకురమ్మని.

"ఇప్పుడు ఇండియా వెళ్తే వీసాకి లేటవుతుందండీ, పాస్‌పోర్ట్ వాళ్లకి ఇవ్వాలి" అన్నాను.

"వారం పని. సైన్ చేసేసి వచ్చేద్దాం. ఈ ల్యాండ్ మళ్లీ దొరకదు" అన్నారు.

వారం పని కాలేదు. అమ్మేవాళ్ల తమ్ముడొకడు అలిగి కూర్చున్నాడు. అతగాడి అలక తీరేదాకా నేను రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద ఎదురుచూశాను. తిరిగొచ్చేసరికి సెలవుల రద్దీ మొదలైంది, వీసా దరఖాస్తుకు చాలా ఆలస్యంగా తేదీ దొరికింది. ప్రయాణం దగ్గరపడింది, నా పాస్‌పోర్టు మాత్రం ఇంకా వీసా వాళ్ల దగ్గరే ఉంది.

ఒక సాయంత్రం నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. "మీరు వెళ్లిరండి" అన్నాను. ఇలాంటి మాట ఎందుకంటామో మన ఇళ్లలో తెలియనివాళ్లుండరు. నువ్వు లేకుండా ఎలా వెళ్తాం అని ఎదుటివాళ్లు అనాలని అంటాం. మావారు నిట్టూర్చారు. "అంతే, ఏం చేస్తాం. క్యాన్సిల్ చేస్తే పిల్లలు బాగా డిసప్పాయింట్ అవుతారు" అన్నారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "సారీ మమ్" అంది. అంతటితో ఆ సంగతి తేలిపోయింది. నేను వాళ్ల పెట్టెల్లో కందిపొడి, ఆవకాయ, చిన్న రైస్ కుక్కర్ సర్దాను. సర్దుతున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది, అయినా ఆవకాయ కారకుండా రెండు కవర్లు తొడిగాను.

వాళ్లు లియోన్ చేరిన మర్నాడు, ఇక్కడ రాత్రి భోజనాల వేళ, అక్కడ పొద్దున్న, వీడియో కాల్ చేశారు. బయట చలి, హీటర్ పక్కన శాలువా కప్పుకుని కూర్చున్నాను. మావారు నదిని చూపించారు, అంటే నదికి అడ్డంగా నిలబడి తనను చూపించారు. ఆయన చెవి పక్కన కాసిని నీళ్లు, వంతెనలో సగం, ఎదుటి కొండ మీద తెల్లని చర్చి గోపురం కనిపించాయి.

"నేతగాళ్ల కొండ మీది కార్ఖానాకు వెళ్లండి, అది మర్చిపోకండి" అన్నాను.

"వెళ్తున్నాం, వెళ్తున్నాం. లైవ్‌లో చూపిస్తాగా."

నిజంగానే చూపించారు, ఆ మాట కాదనను. కాసేపటికి మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి కెమెరా తిప్పారు. ఎత్తయిన కప్పు, కింద చెక్క మగ్గం, దాని నెత్తిన అదే పెట్టె. అట్టలు అలాగే వేలాడుతున్నాయి. ఎవరో పెద్దావిడ మగ్గం ముందు కూర్చుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ కాలితో తొక్కింది, అట్ట ఒకటి తిరిగింది, నేను నిద్రలో కూడా గుర్తుపట్టే ఆ చప్పుడు వినపడబోయింది.

"వినిపిస్తోందా?" అని అరిచారు మావారు. "హలో, వినిపిస్తోందా?"

"మీరు మాట్లాడకపోతే వినిపిస్తుంది" అన్నాను.

"ఆఁ? ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు. వినిపిస్తోందా?"

వెనకనుంచి మావాడి గొంతు వచ్చింది. "డాడ్, ఐ యామ్ హంగ్రీ. ఇట్స్ జస్ట్ అన్ ఓల్డ్ మెషిన్."

"అది మీ తాత మగ్గం లాంటిదే నాన్నా, కాసేపు చూడు" అన్నాను.

"ఓకే మమ్, కూల్" అన్నాడు. ఫోన్ కిందికి వంగింది, నేల, చెప్పులు, మెట్లు కనిపించాయి. "ఫోటోలు తీశాలే, వచ్చాక తీరిగ్గా చూద్దువుగాని" అన్నారు మావారు. కాల్ ఆగిపోయింది. నేను ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో. ఏడ్చాక అన్నం తినాలనిపించక గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేశాను.

వాళ్లింకా పారిస్‌లో ఉండగానే నా పాస్‌పోర్టు వచ్చింది, వీసా అంటించుకుని. ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో, ఇప్పుడొచ్చి ఏం చేస్తావ్, మేమే వచ్చేస్తున్నాం కదా" అన్నారు. వాళ్ల తిరుగు ప్రయాణంతోపాటే ఆ వీసా గడువూ తీరిపోయింది. మగ్గం ఫోటో కూడా ఒకటి వచ్చింది. అందులో మావారు నవ్వుతూ నిలబడ్డారు, ఆయన మోచేతి పక్కన మగ్గం కాలు ఒకటి ఉంది.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫోటోలన్నీ టీవీలో వేస్తారు. ఇదేంటి, అదేంటి అని వచ్చినవాళ్లు అడిగితే మావారికి తెలియదు, పిల్లలకు గుర్తులేదు. నేనే చెబుతాను, ఈ నది పేరిది, ఆ తలుపు తోస్తే అవతలి వీధి వస్తుంది అని. "అబ్బ, ఎంత బాగా చూశారండీ" అని ఒకావిడ నన్ను మెచ్చుకుంది. మావారు పక్కనే మిక్చర్ తింటున్నారు, ఆమె మాట సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు.

వాళ్లు వెళ్లాక గిన్నెలు తోముతూ అడిగాను. "వచ్చే సెలవులకి లియోన్ వెళ్దామండీ."

"ఫ్రాన్స్ అయిపోయింది కదా. ఈసారి స్విట్జర్లాండ్ చూద్దాం" అన్నారు. తర్వాత గుర్తొచ్చినట్టు, "ముందు డిసెంబర్‌లో నువ్వు ఇండియా రావాలి. మన పొలం పక్కన రెండెకరాలు అమ్మకానికి వచ్చాయట. నీ సంతకం కావాలి" అన్నారు.

నేను చేతులు తుడుచుకున్నాను. "సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తున్నానండీ. డిసెంబర్‌లో ఎక్కడికీ రాను" అన్నాను.

ఎందుకని అడుగుతారేమోనని ఆయన ముఖంలోకి చూశాను. అడిగితే మా ఇంటి ఎత్తు కప్పు దగ్గర్నుంచి అన్నీ చెబుదామనుకున్నాను. ఆయన మిక్చర్ గిన్నె పక్కన పెట్టారు.

"మరి ఆ రెండెకరాలు ఎవరి పేరు మీద పెట్టాలి?" అన్నారు.