అప్పకి కనబడ్డ దేవుడు

మొన్న మద్దిలపాలెంలో సిటీ బస్సు ఎక్కుతుంటే మోకాలు పట్టేసింది. ఒక కాలు మెట్టు మీద, ఒకటి రోడ్డు మీద. డ్రైవరు అప్పటికే బండి కదిపేశాడు. వెనక నుంచి ఎవరిదో చెయ్యి నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తోసింది. నిలదొక్కుకుని తిరిగి చూస్తే జనమే తప్ప ఆ చెయ్యి ఎవరిదో తెలియలేదు. "దేవుడొచ్చినాడు" అన్న మాట నా నోట్లోంచే వచ్చింది. నేను గుడికి వెళ్లే మనిషిని కాను. ఆ మాట మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె పోయి నాలుగేళ్లయింది.

అప్పకి దేవుడు రోజుకి ఐదారుసార్లయినా కనబడేవాడు. తన బిందె నిండేదాకా కుళాయి ఆగకపోతే దేవుడొచ్చినట్టే. చేపలమ్మే ఆవిడ తూకం అయ్యాక పైన మరో రెండు కవ్వ చేపలు వేస్తే, ఆవిడ చేతిలో ఉన్నది దేవుడే. పోర్టు బొగ్గు దుమ్ము వాళ్లింట్లో అన్నం గిన్నె మూత మీద కూడా పేరుకునేది. గాలి మళ్లి తెల్లబట్టలు తెల్లగానే ఆరిన రోజున దండెం దగ్గర నిలబడి దణ్ణం పెట్టేది. "అప్పా, ఆయనకేం పన్లేదేటి? నీ బట్టలకి కాపలా కాత్తాడా?" అని ఏడిపించేవాణ్ణి. బావ నవ్వి ఊరుకునేవాడు. ఆయన గాజువాక అవతల, ఇనుము కరిగించి పోత పోసే ఒక చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు.

ఒక మధ్యాహ్నం అక్కడ కరిగిన ఇనుము చిందింది. నేను ఆసుపత్రికి చేరేసరికి బావని దోమతెర కింద, అరటాకుల మీద పడుకోబెట్టారు. ఛాతీ, చేతులు, సగం ముఖం కాలిపోయాయి. కళ్లకి కట్టు. ఆ వార్డు వాసన ఎన్నిసార్లు స్నానం చేసినా నన్ను వదిలేది కాదు. అప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. తినలేదు. నేను తెచ్చిన టీలన్నీ ఆమె పక్కనే చల్లారిపోయేవి.

మూడోరోజు కట్లు మారుస్తుంటే బావ అరుపులు వరండా చివరిదాకా వినబడ్డాయి. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, అప్ప మీద చూపించాను. "ఏడే నీ దేవుడు? కుళాయి కాడికొచ్చినోడు ఇక్కడికి రాడేటి?" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను. అప్ప తలెత్తలేదు.

"నాకూ అగుపడ్లేదురా," అంది నెమ్మదిగా. "సూత్తన్నాను."

ఆరోరోజు పొద్దున్న బావ పెదవులు కదిలాయి. గుక్కెడు నీళ్లు కూడా మింగలేని మనిషి, కట్టు కట్టిన ముఖాన్ని కొద్దిగా అప్ప వైపు తిప్పి, "ఏమే, తిన్నావేటి?" అన్నాడు. అప్ప లేచి వరండాలోకి వచ్చింది. నా చేతిలోని ఉప్మా పొట్లం తీసుకుని, నేల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ మెతుకు మిగలకుండా తింది.

"వచ్చినాడ్రా," అంది. "అంత మంటలో ఉండి నాను తిన్నానా అనడిగినాడు."

బావ గురించి అందో దేవుడి గురించి అందో నేను అడగలేదు. ఆ పూట ఆమెకి ఇద్దరూ ఒకటేననుకుంటాను.

తొమ్మిదోరోజున బావ పోయాడు. అద్భుతమేదీ జరగలేదు. కార్ఖానా నుంచి పలకరించడానికి కూడా ఎవరూ రాలేదు. ఆ తరవాత అప్ప పెందుర్తిలో ఒక హాస్టల్లో వంట చేసుకుంటూ చాలా ఏళ్లు బతికింది. దేవుడొచ్చాడన్న మాట మళ్లీ ఆమె నోట నేను వినలేదు. ఏడిపించడానికి కాదు, వినాలనిపించే ఒకసారి అడిగాను, ఇప్పుడు కనబడతన్నాడా అని. చేటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపలేదు. "సానా రోజులు కనబడడు. అలాగని సూడ్డం మానేత్తామేటి?" అంది.

ఆసుపత్రిలో ఆ తొమ్మిది రోజులూ అప్ప బావ ముఖమే చూస్తూ కూర్చుంటే, నేను వార్డు గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాను, ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అని. తొందరగా గడిచిపోవాలనుకున్న ఆ కాలం నిజంగానే గడిచిపోయింది, దాన్ని నేను సరిగా చూడకుండానే.