ఒంటిగంటకు లంచ్ గారు

విశ్వేశ్వరరావు గారి ముందు ఎవరూ లంచ్ అనే మాట అనకూడదు. అన్నామా, ఆ మాట పుట్టుక, పెంపకం, వాడుక, దుర్వాడుక అన్నీ వినిగానీ కదలడానికి లేదు. చిక్కడపల్లిలో అందరూ ఆయన్ను లంచ్ గారనేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు.

ముప్పై ఏళ్లు నారాయణగూడలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఒకసారి ఆటో డ్రైవరు, “జర జల్ది దిగుండ్రి సార్, లంచ్‌కు పోవాలె” అన్నాడు.

“ఇప్పుడు టైమెంత నాయనా?”

“నాలుగున్నర.”

“నాలుగున్నరకి తినేదాన్ని లంచ్ అనరు. నువ్వు తినబోయేదానికి ఇంగ్లీషులో పేరే లేదు.”

“పేరు లేకున్నా తింట సార్. దిగుండ్రి.”

ఇంకోసారి పెళ్లి పత్రికలో ‘లంచ్’ అని చూసి, పెళ్లివారికి ఫోన్ చేశారు. ఇంత వేడుకకి లంచ్ అంటే చిన్నబోతుందట, లంచన్ అని అచ్చువేయించాలట. పెళ్లికెళ్లి వడ్డించేవాడికి కూడా అదే పాఠం చెప్పారు. ఆ రోజు సాంబారు ఆయన వరుస దాకా రాలేదు.

నేను ఆయనకు చిక్కింది పధ్నాలుగేళ్ల కిందట. గ్రూప్ టూ పరీక్షకు చదువుకుంటూ అశోక్‌నగర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. పక్క సందులో ఒక ట్రస్టు వాళ్ల ఉచిత రీడింగ్ రూమ్ ఉండేది. కుర్చీలు నలభై, మనుషులం నూరు. ఇన్‌చార్జి రాజకుమారి మేడమ్ గోడకు ఒకటే చట్టం అంటించారు: కుర్చీలో మనిషి లేకుండా పది నిమిషాలు దాటితే, అది మెట్ల మీద కాచుకున్నవాళ్లది. సంచి, నీళ్ల సీసా, చెప్పులు మనుషులు కావు.

అందుకని మేమెవరమూ మధ్యాహ్నం లేచేవాళ్లం కాదు. పొద్దున ఇడ్లీ, రాత్రి అన్నం. మధ్యలో మంచినీళ్లు, ఆర్థిక సర్వే.

లంచ్ గారు రోజూ ఒంటిగంటకు పేపర్ చదివే మిషతో వచ్చేవారు. ఒకరోజు నా ముందు నిలబడ్డారు.

“ఇవాళ లంచ్‌లో ఏం తిన్నావు? ఇంగ్లీషులో, పూర్తి వాక్యంలో చెప్పు.”

“ఐ హాడ్ రైస్ అండ్ పప్పు, సార్.”

“ఏ పప్పు?”

“టమాట.”

“ఎక్కడ?”

“మెస్‌ల సార్.”

“ఎన్నింటికి?”

గడియారం ఒంటిగంటా అయిదు చూపిస్తోంది. నేను ఏడింటి నుంచీ ఇక్కడే ఉన్నట్టు రిజిస్టర్లో సంతకం ఉంది.

“వ్యాకరణం బాగుంది. భోజనమే లేదు. లే! వెళ్లి వాక్యాన్ని నిజం చేసుకుని రా.”

చెయ్యి పట్టి లేపి, నా కుర్చీలో తాను కూర్చున్నారు. తిని వచ్చాక కూడా వెంటనే లేవలేదు. తిన్నదాన్ని అయిదు వాక్యాల్లో వర్ణించమన్నారు. నా పప్పు వర్ణనకు గది మొత్తానికి నోరూరింది.

వారంలో మూడు రోజులు నాకిదే శిక్ష. ఒకరి తర్వాత ఒకరుగా రోజుకు ముగ్గురిని లేపేవారు. మా హాస్టల్ అంజి మెట్ల కింద పదినిమిషాలు నిలబడి వచ్చి బిర్యానీ తిన్నానన్నాడు. గుడ్డు పైన పెట్టారా లోపల దాచారా అని అడిగేసరికి దొరికిపోయాడు.

పరీక్ష ఇరవై రోజుల్లోకి వచ్చింది. అరగంట అరగంటకూ ప్రాణం పోతోంది. ఈ పెద్దాయన లంచ్ సాకుతో మా కుర్చీలు లాక్కుంటున్నాడని నేనే ఇంగ్లీషులో ఫిర్యాదు రాశాను. “లంచ్ స్పెల్లింగ్ మంచిగ చూడన్న, మళ్ల గాయనకే దొరుకుతం” అంటూ అంజి సంతకం పెట్టాడు. పన్నెండు సంతకాలయ్యాయి.

రాజకుమారి మేడమ్ కాగితం చదివి నా మొహంలోకి చూశారు. “పక్కానా?”

“పక్కా మేడమ్.”

మేడమ్ ఆ కాగితాన్ని ఆయనకు పంపారు. మర్నాడు ఆయన రాలేదు. ఒంటిగంటయ్యేసరికి, ఇన్నాళ్లుగా అలవాటు పడ్డ నా కడుపు గోల మొదలుపెట్టింది. వెళ్లి తిని వచ్చాను. నా కుర్చీలో ఎవరో ఉన్నారు. నా పుస్తకాలు కిటికీలో ఉన్నాయి.

“గిదేంది మేడమ్? ఇన్ని దినాలు పోలేదు కద నా కుర్చీ?”

“ఇన్ని దినాలు అండ్ల మనిషున్నడు కదయ్యా.”

ఆమె గొంతు తగ్గించారు. “రెండేండ్ల కింద ఒక పిల్ల ఆకలికి ఈడనే కండ్లు తిరిగి పడ్డది. తెల్లారి సార్ వచ్చి, ‘కుర్చీలో మనిషుండాలని రాశారు, ఏ మనిషో రాయలేదు కదా’ అని అడిగిన్రు. ‘ఏ మనిషైనా సరే, కూసోండ్రి’ అని చెప్పిన. ఇంటికి పోయి ఆయన తినేసరికి రోజూ మూడైతది.”

“మాకెందుకు చెప్పలే?”

“చెప్తే మొహమాటానికి ఒక్కరు లేవరని ఒట్టేయించుకున్నరు.”

అంజిని లాక్కుని చిక్కడపల్లిలో ఆయన ఇంటికి పరుగెత్తాను. ఆయన భార్య హైమవతి గారు తలుపు తీశారు.

“ఆ ఉత్తరం రాసింది మీరేనా?”

“తప్పయిందమ్మా…”

“తప్పేమిటి? రెండేళ్ల తర్వాత ఈయన నా ఎదురుగా కూర్చుని వేడన్నం తిన్నారు. మీకు బట్టలు పెడదామనుకుంటున్నాను.”

లోపలి నుంచి లంచ్ గారి గొంతు: “ఉత్తరంలో లంచ్‌కి ముందు ‘ది’ పెట్టిందెవరు?”

“నేనే సార్.”

“నాకు బాధేసింది దానికే. అంజీ, నువ్వు తిన్నావా?”

అంజి తల వంచుకున్నాడు. “ఐ డిడ్ నాట్ హావ్ లంచ్, సార్.”

“హైమా, కంచం పెట్టు! వీడు మొదటిసారి నిజం చెప్పాడు.”

అంజి తింటుంటే నేను బతిమాలాను. రేపటి నుంచి మళ్లీ రమ్మన్నాను.

“పంపను,” అన్నారు హైమవతి గారు. అంజి కంచంలో ఇంకో గరిటె వేసి, “ఒక్కరినైతే పంపను,” అన్నారు.

మర్నాడు ఒంటిగంటకు క్యారియర్‌తో ఇద్దరూ వచ్చారు. క్యారియర్ భర్త చేతికిచ్చి, మెట్ల మీద మాతో కూర్చుని తినమని పంపేసి, నా కుర్చీలో ఆవిడ కూర్చున్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు కాబట్టి వాక్యాల బాధ లేదు. కాకపోతే మధ్యాహ్నం కునుకు అలవాటు. తిని వచ్చేసరికి నా పుస్తకం మీద చెయ్యి వేసుకుని నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాలేదు. పక్కన నిలబడి, ఆవిడ మోచేతి పక్కన కనిపించిన సగం పేజీనే నాలుగుసార్లు చదివాను.

పరీక్షలో ఆ సగం పేజీలోంచి రెండు ప్రశ్నలొచ్చాయి.