పదహారు అంగుళాల చేతుల కోసం మా అప్పల్రాజు

నిన్న పొద్దున్నే అప్పల్రాజు తమ్ముడి ఫోన్. "అన్నయ్య పోయాడు బావా. హార్ట్ ఎటాక్."

పొద్దున్నే ఈ జోకులేంట్రా అని తిట్టాను. అవతల వాడు ఏడుస్తున్నాడు.

నలభై ఒకటిరా అప్పల్రాజూ నీకు. ఇదేనా పోయే వయసు?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. అప్పల్రాజుది స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ డ్యూటీ, ఉక్కునగరంలో క్వార్టర్. ఏ షిఫ్ట్ అయినా గాజువాకలో మా జిమ్‌కి మాత్రం వచ్చేసేవాడు. ఎనిమిదేళ్లు నా పక్కనే డంబెల్స్ ఎత్తాడు. ఎనిమిదేళ్లలో నా మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు.

వాడికి కావాల్సింది పదహారు అంగుళాల చేతులు. అంతే.

కాళ్లు వద్దు, వీపు వద్దు. రోజూ బైసెప్సే. చెయ్యి లావుగా కనబడాలంటే వెనకాల ట్రైసెప్స్ పెంచాలిరా బాబూ, సగానికి పైగా కండ అక్కడే ఉంటుంది అని మొత్తుకునేవాణ్ణి.

"ఎనకాలుంటే ఎవులు సూత్తారు బావా?" అనేవాడు.

బరువు తగ్గించి నెమ్మదిగా దించరా అంటే వినడు. పెద్ద డంబెల్ పట్టుకుని, నడుం ఊపి ఎత్తేసి, అద్దంలో చూసుకుని నవ్వేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ప్రతి ఆదివారం టేపు తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. కొలిచేముందు ఇరవై పుషప్స్ కొట్టి చెయ్యి ఉబ్బించుకునేవాడు. అయినా పదిహేనున్నరే. "టేపు కాస్త లూజుగా పట్టు బావా" అని నాతోనే గొడవ!

కొత్త చొక్కా కొంటే ముందు టైలర్ దగ్గర చేతులు బిగుతు చేయించేవాడు. గోపాలపట్నంలో ఒక పెళ్లికి వెళ్లాం. అక్షింతలు వేద్దామని చెయ్యెత్తాడు, చంక దగ్గర పర్రుమంది. పెళ్లికూతురు కూడా నవ్వేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వీడేమో "సూసేవా, పెరిగింది" అని సంబరం.

మొన్న జిమ్‌లో సెట్ మధ్యలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఒళ్లంతా చెమట. మా జిమ్‌లో ఏసీ లేదు, అందరికీ చెమటే కదా అనుకున్నాను.

"బుజం కాణ్నించి ఎడం సెయ్యి లాగేత్తంది బావా" అన్నాడు.

నేనేం చేశానో కూడా రాస్తాను. వీపు మీద తట్టాను.

"నిన్న బైసెప్స్ గట్టిగా కొట్టేవు కదా. నొప్పెడతందంటే పెరుగుతందనే. ఇంటికెళ్లి గుడ్లు తిను" అన్నాను.

వాడి మొహం వెలిగిపోయింది. మొదటిసారి నా మాట విన్నాడు వెధవ. నేరుగా ఇంటికెళ్లిపోయాడు.

బైసెప్స్ రెండు చేతులకీ కొట్టాడు. నొప్పి ఒక్క చేతికే వచ్చింది. ఏ కండ ఎక్కడుంటుందో పాఠాలు చెప్పే నాకు ఆ మాత్రం తట్టలేదు.

నీ మీద కోపంగా ఉందిరా. నా మీద ఇంకా ఎక్కువ.

జిమ్ ఫ్రెండ్స్ అందరికీ దండం పెట్టి చెప్తున్నాను. ఎవడైనా చెమటలు పట్టి ఎడం చెయ్యి లాగుతోందంటే, నాలా సలహాలివ్వకండి. బండెక్కించి ఆస్పత్రికి తీసుకుపోండి.

వెళ్లిరా అప్పల్రాజూ. నువ్వైనా ప్రశాంతంగా ఉండాలిరా. నాకు ఇప్పట్లో ఆ ప్రశాంతత ఉండదు.